ఐకిడో విద్య ఆత్మరక్షణకు చాలునా?

గడచిన వేసవి సెలవులకు ముందు ఒక విద్యార్థిని తండ్రిగారు నన్ను కలిసికొని, మన పాఠశాలలో బాలబాలికలకు ఐకిడో నేర్పించుట మంచిది కాదా యని యడిగిరి. ఒక బక్కపలుచని మనుష్యుడు తనపైకి దూకిన నలుగురిని మణికట్లు త్రిప్పి నేల గూల్చుటను వారి కుమార్తె ఏదో చలనచిత్రమున చూచి, ఆ విద్య వచ్చినచో బస్సులో పోకిరివాండ్ర భయముండదని నమ్మినదట. పిల్లల క్షేమమునకు సంబంధించిన ప్రశ్న గనుక "చూతము లెండి" యని తప్పించుకొనుట ఉపాధ్యాయునకు తగదు. నా యభిప్రాయము నిచ్చట వ్రాయుచున్నాను.

ఐకిడో జపాను దేశపు విద్య. దీనిని స్థాపించిన మొరిహేయి ఉయెషిబా 1883 లో తనాబె యను ఊర జనించి 1969 లో మరణించెను. ఆయన 1915 లో హొక్కయిదో దీవిలో తకెదా సొకాకు అను కఠినుడైన గురువును కలిసికొని దైతో-ర్యూ జుజుత్సు నభ్యసించెను. ఐకిడోలోని పట్లలో పెక్కు లచ్చటనుండి వచ్చినవే. ఐకిడో యను పేరు 1942 లో స్థిరపడినది. ఎదిరి బలమునకు బలము నొడ్డక, దాని దారినుండి తొలగి, వాని వేగముతోనే వానిని త్రిప్పి పడవేయుట దీని మర్మము. వినుటకు సొంపుగానే యున్నది.

అయితే దీని నభ్యసించు రీతి నొకసారి పరికింపుడు. ఇద్దరు జతగా నిలుతురు. ముందు నిర్ణయించుకొన్న ప్రకార మొకడు మణికట్టు పట్టును, లేక అరచేతి యంచుతో తలపై కొట్టబోవును. రెండవవాడు పట్టు వేయగా మొదటివాడు మర్యాదగా పడి మరల లేచును. ఎదిరించి బిగదీసికొన్నచో కీళ్లు తప్పును గనుక ఈ మర్యాద అవసరమే. కాని ఏండ్ల తరబడి మర్యాదస్థులనే పడవేసినవానికి తానెవ్వరినైన పడవేయగలనను భ్రమ కలుగును. పైగా మణికట్టు పట్టుట కత్తి ధరించినవారి కాలపు పద్ధతి, దానిని దూయనీయకుండుటకై పుట్టినదని చెప్పుదురు. మన వీధిలోని దుండగీడు మణికట్టు పట్టుకొని నిలువడు. తోయును, చెంపపై కొట్టును, వెనుకనుండి జుట్టు పట్టును, తోడుగా మరి యిద్దరిని తెచ్చును.

కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతి బాలు డొకడు పది దినముల శిబిరమున నీ విద్య నేర్చి వచ్చెను. పట్టుమని నెల తిరుగకముందే బస్సులు నిలుచు చోట తగవు వచ్చి, ఎదుటివాని మణికట్టు త్రిప్పబోయి, పెదవి చిట్లించుకొనెను. మూడు కుట్లు పడినవి. మరునాడు వాడు నాతో నన్న మాట నేటికిని మరువలేదు: "మాస్టారూ, వాడు రెండో చేత్తో కొడతాడని మాకెవరూ చెప్పలేదండి!" నేను నవ్వవలసిన సమయము కాదు గాని నవ్వితిని. పాప మా బాలుడును నవ్వబోయెను, కుట్లు లాగినవి.

1882 లో జూడో విద్యను స్థాపించిన జిగోరో కానో ఈ చిక్కును ముందే గ్రహించెను. అభ్యాసపు పోరులనుండి ప్రమాదకరములైన పట్లను తొలగించి, మిగిలినవానిని పూర్తి బలముతో ఎదిరించువానిపై ప్రయోగింపజేసెను. పట్లు తగ్గెను, నమ్మకము పెరిగెను. మన తాలింఖానాలలో కుస్తీ పట్టు వస్తాదుల త్రోవయు నిదియే. వా రెవ్వరును మర్యాదకు పడరు! కానోకును ఉయెషిబాకును శిష్యుడైన తొమికి కెంజి 1958 లో వాసెదా విశ్వవిద్యాలయమున ఐకిడో సంఘ మేర్పరచి, మెత్తని ఉత్తుత్తి కత్తితో పోటీలు ప్రవేశపెట్టెను. పోటీ ఉయెషిబా కిష్టము లేదు. ఈ విషయమున నేను గురువు పక్షము గాక శిష్యుని పక్షము వహించుచున్నాను.

టోక్యో పోలీసులు కూడ ఐకిడో నేర్తురు గదా యని మీరడుగవచ్చును. నిజమే. 1955 లో షియోదా గోజో స్థాపించిన యోషిన్‌కన్ శాలలో కల్లోల నివారణ దళమువారిలో కొందరు ఇంచుమించు సంవత్సర కాలము కఠినముగా శిక్షణ పొందుట వాడుక. కాని పోలీసుకు ప్రక్కన తోడివారును, వెనుక ప్రభుత్వమును గలవు. త్రాగినవాని నెముక విరుగకుండ పట్టి కట్టుట వాని పని. సాయంకాలము ఒంటరిగా ఇల్లు చేరవలసిన బాలిక పని వేరు. ఆమె చేయవలసినది తప్పించుకొనుట.

ఇట్లు వ్రాసినంత మాత్రమున ఐకిడో నిరుపయోగమని నా భావము కాదు. ఈ విద్యలో మొదట నేర్పునది పడుట. గడ్డము రొమ్మున కానించి, వీపు గుండ్రముగా వంచి, చేతితో నేలను చరచుచు దొర్లుట. మన పిల్లలలో దుండగుల చేత దెబ్బ తినువారికంటె సైకిలుపైనుండియు, తడి మెట్లపైనుండియు, జామచెట్టుపైనుండియు పడి చేతులు విరుగగొట్టుకొనువారే యెక్కువ. వారమున కొక కట్టు నేను చూచుచునే యున్నాను. ఎదుటివానికి మన కెంత దూర ముండవలెనో, ఎప్పు డడుగు ప్రక్కకు వేయవలెనో కూడ ఈ విద్య బాగుగ నేర్పును.

ఉయెషిబా శిష్యుడైన టెర్రీ డాబ్సన్ అను అమెరికా దేశస్థుడు తన యనుభవ మొకటి వ్రాసియున్నాడు. టోక్యో రైలులో త్రాగి యల్లరి చేయుచున్న కూలివానిని పడవేయుటకు ఆయన సిద్ధముగా నిలిచెనట. అంతలో నొక ముసలివాడు ఆ త్రాగుబోతును పలుకరించి, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఏమి త్రాగితివని ముచ్చటలోనికి దింపెను. భార్య చనిపోయినదని చెప్పి వాడు వెక్కి వెక్కి యేడ్చెను. మూడేండ్లు చెమటోడ్చిన శిష్యుడు చేయి కదపలేదు.

కనుక నా సలహా యిది. వచ్చు సంవత్సరము వ్యాయామపు గంటలో పడు విద్యను అందరికిని నేర్పుదము. అందుకు ఆరు దళసరి పరుపులు చాలును. దానికి ఆత్మరక్షణ యను పేరు మాత్రము పెట్టవలదు. బస్సులో బాధింపబడు బాలిక బిగ్గరగా కేక వేయవలెను, కండక్టరుతో చెప్పవలెను, 112 నకు గాని 181 నకు గాని ఫోను చేయవలెను, ఇంటికి వచ్చి దాపక తెలుపవలెను. పోకిరివాడు చేసిన తప్పునకు ఆమె పట్లు నేర్వకపోవుట కారణమని ఎవ్వరును అనరాదు. ఆ బస్సు విషయమై డిపోవారికి మేము వ్రాయనున్న లేఖపై తల్లిదండ్రులు కూడ సంతకములు చేయవలెనని నా మనవి.

ఆ తండ్రిగారు దీనిని చదివి నాతో మరల వాదింపదలచినచో, శనివారము సాయంకాలము నేను ఆటస్థలముననే యుందును. వారి కుమార్తెను కూడ వెంట దీసికొని రావలెను.