గురువుగారి టీ కప్పు

వేడి టీలో చల్లని టీ కలిపితే గోరువెచ్చని టీ తయారవుతుంది. దానిని మళ్ళీ వేడిదిగా, చల్లనిదిగా విడదీయడం ఎవరి తరమూ కాదు. ప్రకృతిలోని ఈ కలగాపులగానికి శాస్త్రజ్ఞులు ఎంట్రోపీ అని పేరు పెట్టారు. మొత్తం మీద అది పెరుగుతుందే గాని తరగదు.

1970 దశకం తొలినాళ్ళలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య జాన్ వీలర్ తన విద్యార్థి జేకబ్ బెకెన్‌స్టీన్ ముందు ఒక చిక్కుప్రశ్న ఉంచాడు. కలిపిన ఆ టీని కృష్ణబిలంలో పారబోస్తే ఏమవుతుంది? వెలుగును సైతం బయటికి పోనివ్వని ఆ బిలంలో ఎంట్రోపీ కూడా జాడ లేకుండా పోవాలి గదా!

విద్యార్థి ఇచ్చిన సమాధానం సాహసోపేతమైనది. ఎంట్రోపీ నశించదు, బిలం ఉపరితల వైశాల్యం ఆ మేరకు పెరుగుతుంది, ఆ వైశాల్యమే ఎంట్రోపీకి కొలత అన్నాడు. 1972లో ఈ భావం అచ్చయినప్పుడు పెద్దలు పెదవి విరిచారు. ఎంట్రోపీ ఉంటే ఉష్ణోగ్రత ఉండాలి. ఉష్ణోగ్రత ఉంటే వేడి వెలువడాలి. దేనినీ బయటికి రానివ్వని బిలం నుంచి వేడి ఎలా వస్తుంది? కేంబ్రిడ్జిలోని స్టీఫెన్ హాకింగ్ కూడా ఒప్పుకోలేదు. తీరా 1974లో ఆయన లెక్కలలోనే కృష్ణబిలం వికిరణాన్ని వెలువరిస్తుందని తేలింది. కాదన్నవాడే అవునని సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. సూర్యునంత ద్రవ్యరాశి గల బిలానికి ఆ ఉష్ణోగ్రత పరమ శూన్యం కంటే డిగ్రీలో కోటో వంతు కూడా ఎక్కువ కాదు. అత్యల్పమే, కాని శూన్యం కాదు.

వేడి గల పదార్థం స్థితి మారగలదు. నీరు మంచుగా మారినట్లే, ఒక ప్రత్యేకమైన వక్రాకాశంలో నిర్ణీత ఉష్ణోగ్రత దాటితే వికిరణానికి బదులు కృష్ణబిలమే స్థిరమైన స్థితి అవుతుందని 1983లో హాకింగ్, డాన్ పేజ్ చూపారు. ఆ ఆకాశంలోని గురుత్వాకర్షణ లెక్కలను, దాని సరిహద్దు మీద గురుత్వాకర్షణ ప్రసక్తే లేని కణాల లెక్కలుగా చదువుకోవచ్చునని 1997లో హువాన్ మాల్దసేనా ప్రతిపాదించాడు. ఒకే కథ రెండు భాషలలో ఉన్నట్లన్నమాట. ఒక భాషలో కొరుకుడు పడనిది రెండవ భాషలో సుబోధం కావచ్చు.

ఈ అనువాదం ఊహించని చోటికి దారి తీసింది. సుమారు 2.17 కెల్విన్‌లకు దిగువన ద్రవ హీలియం జిగట లేకుండా సన్నని సందులలోనుంచి జారిపోతుందని 1938లోనే వెల్లడైంది. అదే అతిప్రవాహి. కృష్ణబిలానికి ద్రవ్యరాశి, ఆవేశం, భ్రమణం తప్ప వేరే గుర్తులుండవని చెప్పడానికి “బిలానికి వెంట్రుకలు లేవు” అంటారు శాస్త్రజ్ఞులు. కాని ఆ వక్రాకాశంలో ఆవేశం గల బిలాన్ని లెక్కలో చల్లబరిస్తే, ఒక హద్దు దాటాక దానికీ వెంట్రుకలు మొలుస్తాయని, అంటే చుట్టూ ఒక క్షేత్రం అలుముకుంటుందని, 2008లో పరిశోధకులు చూపారు. సరిహద్దు భాషలో దాని అర్థం అతిప్రవాహి పుట్టుక. ఇది కాగితం మీది నమూనాయే. హీలియం రహస్యమంతా ఇందులో ఉన్నదని ఎవరూ అనరు.

హాకింగ్ 2018లో మరణించాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీలో ఆయన సమాధి ఫలకం మీద కృష్ణబిలపు ఉష్ణోగ్రతను తెలిపే సూత్రమే చెక్కారు. ఒకనాడు లేదని ఆయన వాదించినది ఆ ఉష్ణోగ్రతనే.