శనివారం మధ్యాహ్నం పిల్లల చేతికి పనిముట్లు ఇవ్వండి

ఉభయ గోదావరి, కోనసీమ ప్రాంతాల హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులకు విజ్ఞప్తి

"మావాడికి చదువు అబ్బలేదండీ, ఏదో పన్లో పెట్టేస్తాం." టెన్త్ ఫలితాలు వచ్చిన వారం ఈ మాట మన డెల్టాలో ఏ ఊరెళ్లినా వినిపిస్తుంది. పని నేర్చుకోవడమంటే ఫెయిలైనవాడికి వేసే శిక్ష అన్నమాట! ఆ పిల్లాడు భీమవరంలోనో తణుకులోనో మోటారు షెడ్డులో చేరతాడు. "ఒరేయ్, పన్నెండు-పదమూడు పానా ఇలా ఇయ్యి" అంటే ఇస్తాడు. టీ తెస్తాడు, గ్రీజు తుడుస్తాడు. మేస్త్రీకి తీరికుండి, మనసు పుట్టి చూపిస్తే నేర్చుకుంటాడు, లేకపోతే లేదు. పాసైనవాడేమో ఫ్లెమింగ్ సూత్రానికి మూడు వేళ్లూ తప్పులేకుండా పెట్టి చూపిస్తాడు గానీ, ఇంట్లో టేబుల్ ఫ్యాను ఆగిపోతే మూత విప్పడానికి జంకుతాడు.

మేం అడిగేది ఇదీ. ప్రతి జిల్లా పరిషత్, మునిసిపల్ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లకి శనివారం మధ్యాహ్నం పని క్లబ్బు నడపాలి. వెనకబెంచీ వాళ్లకే కాదు, ఫస్టు ర్యాంకు వాళ్లకి కూడా. ఊళ్లో ఆ పని మీద బతుకుతున్న మనిషే వచ్చి నేర్పాలి. ఆ మనిషికి డబ్బివ్వాలి.

కాగితం మీద ఇందుకు అడ్డేమీ లేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు సంచి లేకుండా పది రోజులు స్థానిక పనివాళ్ల దగ్గర గడపాలంది. ఎన్‌సీఈఆర్‌టీ 'కౌశల్ బోధ్' పేరుతో పుస్తకాలు కూడా వేసింది. మన రాష్ట్రంలో శనివారాన్ని నో బ్యాగ్ డే అన్నారు. సమగ్ర శిక్ష కింద కొన్ని ఎంపిక చేసిన హైస్కూళ్లలో ఒకేషనల్ కోర్సులూ ఉన్నాయి. ఆ కొన్ని బడులకి అవతల ఉన్న పిల్లల సంగతే మా బాధ. సంచి తేవద్దన్నాం సరే, ఖాళీ అయిన ఆ చేతుల్లో ఏం పెడుతున్నాం?

ఉదాహరణకి, రొయ్యల చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటరు మోటారు కాలిందనుకోండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ అది తిరగకపోతే రొయ్య తేలిపోతుంది, రైతు మునిగిపోతాడు. వైండింగ్ మేస్త్రీ కాలిన కాయిల్ కోసి, ఒక్కోదాంట్లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి రాసుకుంటాడు. తీగ మందం గేజితో చూస్తాడు. స్లాట్లలో ఇన్సులేషన్ కాగితం దూర్చి, కొత్త రాగితీగ అదే లెక్కన చుట్టి పేర్చి, మెగ్గర్‌తో పరీక్షించి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. చుట్లు తగ్గాయా, మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఎందుకు లాగుతుందో ఫిజిక్స్ మాస్టారు చెప్పగలరు. ఎలా చుట్టాలో మేస్త్రీ చూపగలడు. ఇద్దరి మధ్యా దూరం రెండు వీధులే ఉండొచ్చు, కానీ పిల్లల ముందు ఇద్దరూ కలిసి నిలబడ్డది లేదు. పని క్లబ్బు వాళ్లిద్దర్నీ ఒక బల్ల దగ్గరికి తేవాలి.

మొక్కల నర్సరీలున్న కడియం, కడియపులంక చుట్టుపక్కల బడులకైతే నేర్పేవాళ్లని వెతుక్కోనక్కర్లేదు. గాలి అంటు కట్టడానికి చిన్న చాకు, తడి నాచు, పాలిథిన్ ముక్క చాలు. బెరడు ఉంగరంలా తీసిన చోట వేర్లెందుకు పుడతాయో జీవశాస్త్రం టీచరు అక్కడే చెప్పొచ్చు. బడి ఆవరణలో ఓ జామచెట్టుంటే క్లాసు అయినట్టే.

నరసాపురం లేసు సంగతి వేరు. ఆ అల్లికకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే 1982లోనే మారియా మీస్ అనే పరిశోధకురాలు ఆ లేసు మీద పుస్తకం రాస్తూ ఒక చేదు నిజం చెప్పారు: విదేశాలకి ఎగుమతయ్యే సరుకు అల్లుతున్న ఆడవాళ్లని, ఖాళీ సమయంలో ఏదో చేసుకుంటున్న గృహిణులుగానే లెక్కగట్టారని. చెయ్యి తిరిగినంత మాత్రాన కూలి పెరగదన్నమాట. కాబట్టి లేసు నేర్పే క్లబ్బులో క్రోషే సూదితోపాటు లెక్కల పుస్తకం కూడా ఉండాలి. దారానికెంత, గంటలెన్ని, కొనేవాడిచ్చేదెంత, అవతల అమ్మేదెంత అన్నది పిల్లలే లెక్కగట్టాలి. మోటారు పనికైనా మొక్కల పనికైనా ఇదే పద్ధతి.

"ఇవన్నీ చూశాం లెండి, బడిలో నూలు వడకమని తకిలీ తిప్పించారు, ఏమైంది?" అని పెద్దవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 1937లో వార్ధాలో గాంధీగారి 'నయీ తాలీం' చదువు పద్ధతి మొదలైనప్పుడు చేతిపని చదువుకి ఇరుసు కావాలన్నారు. కాలక్రమంలో అది టైంటేబుల్లో ఓ పీరియడై కూర్చుంది. బడిలో వడికిన నూలు ఊళ్లో ఎవరికీ అక్కర్లేకపోయింది. మహారాష్ట్రలోని పాబళ్‌లో డాక్టర్ ఎస్.ఎస్. కల్బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమం పెట్టి వేరే దారి పట్టారు. హైస్కూలు పిల్లలు వారానికి ఒకరోజు వెల్డింగ్, కరెంటు, సేద్యం, ఇంటి ఆరోగ్యం పనులు ఊరివాళ్ల దగ్గరే నేర్చుకుని, ఊరికి కావలసిన పని చేసిపెట్టేవారు. మనం పట్టాల్సింది ఆ దారి. ముందు బడి బెంచీలు, బడి ఫ్యాన్లు, బడి కుళాయిలు బాగుచెయ్యనివ్వండి.

ఇంకో భయం ఉంది, అది ఇంకా పెద్దది. 1953లో ముఖ్యమంత్రి రాజాజీ మద్రాసు రాష్ట్రంలో పల్లెటూరి ప్రాథమిక బడిని పూటబడి చేసి, రెండోపూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన జిల్లాలూ మద్రాసు కిందే ఉన్నాయి. ఇది కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు, 1954లో ఆయన తర్వాత ముఖ్యమంత్రైన కామరాజ్ దాన్ని ఎత్తేశారు. మంచిపని చేశారు. అందుకే మా షరతు: తండ్రి ఏం పని చేస్తాడని పిల్లల్నెవర్నీ అడగకూడదు. చీటీలు తియ్యండి, ఏడాదిలో మూడు పనులు మార్చండి. వైండింగ్ బల్ల దగ్గర ఆడపిల్లలుండాలి, లేసు అల్లే చోట మగపిల్లలుండాలి. నవ్వేవాళ్లు కొన్నాళ్లు నవ్వుతారు.

పిల్లల్ని షెడ్లకి, చెరువులకి పంపడానికి మేం ఒప్పుకోం. పని బడిలోనే జరగాలి, నేర్పే మనిషీ టీచరూ ఇద్దరూ ఉన్నప్పుడే కరెంటు ముట్టుకోవాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం 2016లో సవరించిన 1986 నాటి బాలకార్మిక చట్టం ప్రకారం నేరం. కాబట్టి బయటి ఆర్డర్లు తీసుకోవడం, చేసింది అమ్మడం ఉండకూడదు.

ఖర్చు గురించి బెంగపడొద్దు. అటల్ టింకరింగ్ ల్యాబుకి కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తుంది. మేం అందులో చిన్న ముక్క కూడా అడగటంలేదు: మల్టీమీటర్లు, సోల్డరింగ్ ఐరన్లు, చిత్రికలు, ఉలులు, సూదులు, అంటుచాకులు, ఓ బీరువా. అసలు ఖర్చు నేర్పేవాళ్ల గౌరవ వేతనమే. దాన్ని ప్రభుత్వం ఇవ్వాలి, దాతల మీదకి నెట్టకూడదు.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ మీకు కమిటీ ఇచ్చింది, 22వ సెక్షన్ బడి అభివృద్ధి ప్రణాళిక రాసే బాధ్యత ఇచ్చింది. వచ్చే సమావేశంలో ఈ తీర్మానం పెట్టండి, సంతకాలు చేయించి ఒక ప్రతి ఎంఈవోకి, ఒకటి డీఈవోకి పంపండి:

"మా హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులందరికీ ప్రతి శనివారం మధ్యాహ్నం పని క్లబ్బు నిర్వహించాలని, స్థానిక వృత్తి నిపుణులకు ప్రభుత్వ నిధులతో గౌరవ వేతనం చెల్లించాలని, కుల, లింగ భేదం లేకుండా చీటీల ద్వారా పనులు కేటాయించాలని, దీన్ని ఈ ఏడాది పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో చేర్చాలని ఈ కమిటీ తీర్మానిస్తున్నది."