వెంట్రుక ఆమెది, అనుమతి ఆమెది

2017 జూలైలో తెలంగాణ ఎక్సైజ్ శాఖ మత్తుమందుల కేసులో కొందరు సినిమావాళ్ళ రక్తం, గోళ్ళు, వెంట్రుకలు సేకరించింది. నటి ఛార్మి హైకోర్టుకెళ్ళింది. అనుమతి లేకుండా ఆమె నమూనాలు తీసుకోరాదని కోర్టు చెప్పింది. "తప్పు చేయకపోతే భయమెందుకు?" ఆడదాని నోరు మూయించడానికి ఈ ప్రశ్న ఎప్పుడూ సిద్ధమే!

శాస్త్రంతో నాకు పేచీ లేదు. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. మూడు సెంటీమీటర్ల ముక్కను మాస్ స్పెక్ట్రోమీటరుతో పరీక్షిస్తే దాదాపు మూడు నెలల కథ తెలుస్తుంది. కానీ ఆ మందు తనే తీసుకుందా, ఎవరైనా మోసగించి తాగించారా అన్నది యంత్రం చెప్పదు.

మనకీ పరీక్ష కావలసిన చోటు వేరే ఉంది. మా పి.గన్నవరంలో ఒక అమ్మాయికి కూల్‌డ్రింకులో మత్తు కలిపి అత్యాచారం చేశారనుకోండి. పరువు భయం దాటుకుని నెల తర్వాత ఆమె నోరు విప్పేసరికి రక్తంలో, మూత్రంలో సాధారణంగా ఆనవాళ్ళు మిగలవు. వెంట్రుకలో మిగిలే అవకాశం ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పేదెవరు?

నటి జుట్టు కోసం ఆరాటపడే రాజ్యం ఈ అమ్మాయి జుట్టును సాక్ష్యంగా చూడాలి. ఆమె కోరితే ఉచితంగా పరీక్షించాలి, వద్దంటే ముట్టుకోకూడదు. ఈ రెండూ కలిపే మనం అడగాలి.