తూటాల బల్ల వేసే ముందు ఇంట్లో వీసాలు చూసుకోండి

అమెరికాలో పౌరసత్వం వచ్చిన మనవాళ్లలో కొందరికి శనివారం షూటింగ్ రేంజ్‌కు వెళ్లడం అలవాటైంది. టెక్సాస్, జార్జియా వంటి రాష్ట్రాల్లో ఇది పెద్ద వింతేమీ కాదు. ఆ సరదా ముదిరిన వారు తర్వాత చేసే పని, గ్యారేజీలో ఒక బల్ల వేసి, కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులను మళ్లీ నింపుకోవడం. దీన్ని రీలోడింగ్ అంటారు. సొంత వాడకానికి చేసుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అందుకే చాలామంది దీన్ని వడ్రంగం పనిలాంటి మరో హాబీగా చూస్తారు. ఆ ఇంట్లో అందరూ పౌరులో, గ్రీన్‌కార్డుదారులో అయితే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. మన ఇళ్లు సాధారణంగా అలా ఉండవు.

ముందు ఈ మోజు ఎందుకు పెరిగిందో చూడాలి. 2020లో కరోనాతో పాటు తుపాకుల అమ్మకాలు ఎగబాకినప్పుడు దుకాణాల్లో తూటాల అరలు ఖాళీ అయ్యాయి. సొంతంగా నింపుకొనేవారికీ నిప్పు పుట్టించే చిన్న మూత, అంటే ప్రైమర్, దొరకడం గగనమైంది. కొరత తగ్గినా ధరలు పాత చోటికి దిగలేదు. ఉక్రెయిన్ యుద్ధం తుపాకీ మందుకు, దాని ముడిసరుకైన నైట్రోసెల్యులోజ్‌కు గిరాకీ పెంచింది. ఈలోగా ఫెడరల్, సీసీఐ, రెమింగ్టన్ వంటి పేరున్న అమెరికా బ్రాండ్లు కొన్ని 2024 నవంబరులో ఒకే బేరంలో చెకోస్లొవాక్ గ్రూప్ అనే యూరప్ సంస్థ చేతికి వెళ్లాయి. ఆ బేరం విలువ 222.5 కోట్ల డాలర్లు. తూటా మొత్తంలో ఖరీదైన భాగం ఇత్తడి తొడుగే కాబట్టి, దాన్ని పారేయకుండా వాడితే మిగులుతుందన్నది రీలోడింగ్ చేసేవారి వాదన. రైఫిల్ తూటాల్లో అది నిజమే. మామూలు 9 ఎంఎం పిస్తోలు తూటాల్లో మాత్రం పరికరాల ఖర్చు, పెట్టే సమయం కలిపితే మిగిలేది పెద్దగా ఉండదు.

ఇక అసలు విషయం. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-2 వంటి వలసేతర వీసాల మీద అమెరికాలోకి వచ్చినవారు తుపాకీని గానీ తూటాలను గానీ తమ అధీనంలో ఉంచుకోరాదని ఫెడరల్ చట్టం చెబుతోంది. తుపాకీ సంగతి చాలామందికి తెలుసు. తూటాల సంగతి కొందరికే తెలుసు. ‘తూటాలు’ అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థం ఇంకా తక్కువమందికి తెలుసు. నింపి సిద్ధం చేసిన తూటా ఒక్కటే కాదు, ఖాళీ తొడుగు, ప్రైమర్, బుల్లెట్, తుపాకీలో వాడే మందు, వీటిలో దేనికది చట్టం దృష్టిలో తూటాలే. అంటే రీలోడింగ్ బల్ల మీద ప్రెస్సు, తూకం యంత్రం తప్ప మిగతా సరుకంతా నిషిద్ధమే. ఇంట్లో తుపాకీ లేకపోయినా సరే.

నేరం రుజువైతే శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు. 2022 చట్ట సవరణకు ముందు అది పదేళ్లు. వలస చట్టం ఈ నేరాన్ని తీవ్ర నేరాల జాబితాలో చేర్చింది కాబట్టి జైలు తర్వాత దేశం నుంచి పంపేయడం, మళ్లీ రావడానికి దారులు దాదాపు మూసుకుపోవడం వరుసగా జరుగుతాయి. గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టి వరుసలో ఉన్నామంటే చాలదు, కార్డు చేతికి రావాలి. భారతీయుల క్యూ పదేళ్లు దాటినా కదలని స్థితిలో ఈ నిషేధం మనవాళ్లకు తాత్కాలికం కాదు, సగం ఉద్యోగ జీవితం పొడవునా ఉంటుంది.

మన ఇల్లు ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. ఆయనకు పౌరసత్వం ఉంటుంది. తమ్ముడు హెచ్-1బి మీద వచ్చి ఇల్లు దొరికేదాకా కింది గదిలో ఉంటాడు. మేనల్లుడు ఎఫ్-1 మీద చదువుకుంటూ సెలవులకు వస్తాడు. అత్తగారు బి-2 మీద ఆరు నెలలు ఉండటానికి వస్తారు. రెండో ఫ్రిజ్, బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు గ్యారేజీలోనే కాబట్టి రోజుకు నాలుగుసార్లు ఆమె ఆ బల్ల పక్కనుంచే నడుస్తారు. పక్కనుంచి నడిచినంత మాత్రాన నేరం కాదు. అయితే చేత్తో పట్టుకోకపోయినా, అక్కడ ఉందని తెలిసి, దాన్ని తీసుకోగల వీలు, ఉద్దేశం ఉంటే అధీనంలో ఉన్నట్లేనని కోర్టులు భావిస్తాయి. తాళం లేని బల్ల, అందరి దగ్గరా గ్యారేజీ రిమోట్ ఉన్న ఇల్లు ఆ వాదనకు చోటిస్తాయి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. అది ఎక్కడ పెడతారో మిగతావారికి తెలియకపోవడమే మేలు.

ప్రేమగా ఇవ్వడంలోనూ చిక్కుంది. బాబాయి తాను నింపిన పెట్టె తూటాలు ఎఫ్-1 మీద ఉన్న పిల్లాడికి ఇస్తే, అతడి స్థితి తెలిసి ఇచ్చిన బాబాయి కూడా నేరస్థుడే, శిక్ష కూడా అంతే. స్నేహితులకు నాలుగు డాలర్లకు అమ్మి దీన్ని వ్యాపారంగా మారిస్తే తయారీదారు లైసెన్సు కావాలి. ఆ లైసెన్సు రుసుము మూడేళ్లకు 30 డాలర్లే, తీసుకోకపోతే వచ్చే తిప్పలు మాత్రం అంత చవక కాదు.

‘వేట లైసెన్సు ఉంటే చాలు’ అనే మాట విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజం. రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్న వలసేతర వీసాదారుకు ఈ నిషేధం వర్తించదు. మన పిల్లలు తెలియక పడేది ‘గడువు’ దగ్గరే. టెక్సాస్‌లో ఆ లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే అలమరలో ఉన్న పాత తూటాల పెట్టె నేరంగా మారుతుంది. లైసెన్సు తుపాకీ పట్టడం నేర్పదు కూడా. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు తన తుపాకీ శుభ్రం చేస్తుండగా అది పేలి ప్రాణాలు కోల్పోయారు. విద్యార్థులకూ అక్కడ వేట తుపాకీ దొరుకుతుందని కన్నవారికి ఆ వార్తతోనే తెలిసింది.

ఫొటోల సంగతి వేరే చెప్పాలి. విద్యార్థి వీసాలకు 2025 జూన్ నుంచి, హెచ్-1బి, హెచ్-4లకు అదే ఏడాది డిసెంబరు 15 నుంచి దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కాన్సులేట్లు చూస్తున్నాయి. ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచమంటున్నాయి. రేంజ్‌లో తుపాకీతో దిగిన ఫొటో వల్లనే వీసా పోతుందని ఎవరూ అనలేదు. కానీ వేట లైసెన్సు వంటి మినహాయింపు లేని వలసేతర వీసాదారు రేంజ్‌లో తుపాకీ అద్దెకు తీసుకోవడం కూడా నిషేధం కిందికే వస్తుంది. ఆ ఫొటో పెట్టడమంటే తన మీద తానే సాక్ష్యం ఇచ్చినట్లు.

ఇంట్లో అందరికీ అర్హత ఉండి బల్ల వేసుకునేవారికి రెండు విషయాలు. ఒకటి, మందు డబ్బాలను బలమైన ఇనుప బీరువాలో బిగించి పెట్టడం జాగ్రత్త అనుకుంటారు. అది తిరగబడే జాగ్రత్త. ఆరుబయట మండిపోయే ఈ మందు, మంటల్లో వాయువు బయటికి పోయే దారి లేని పెట్టెలో ఉంటే పేలుతుంది. తాళం వేసిన చెక్క అలమర మేలు. ఇళ్లలో 20 పౌండ్ల దాకా మందు దాని అసలు డబ్బాల్లోనే ఉంచాలని, ప్రైమర్లు 10,000 మించరాదని అగ్నిమాపక ప్రమాణాలు చెబుతాయి. స్థానిక నిబంధన ఇంకా తక్కువ ఉండొచ్చు. గ్యాస్ వాటర్ హీటర్ ఉన్న మూల అసలే వద్దు. అద్దె ఇల్లయితే ఒప్పందం, సొంత ఇల్లయితే బీమా పత్రం చదవాలి.

రెండోది సీసం. ప్రైమర్లలో సీసపు రసాయనం ఉంటుంది, తొడుగులు శుభ్రం చేసే టంబ్లర్ నుంచి లేచే దుమ్ములో అది కలుస్తుంది. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోవాలని అమెరికా సీడీసీ 2021లో పరిమితి తగ్గించింది. గ్యారేజీలో పాకే పసివాడున్న ఇల్లు, గర్భిణి ఉన్న ఇల్లు ఈ హాబీని కొన్నేళ్లు వాయిదా వేసుకోవచ్చు. మానలేనివారు ఆ బల్ల దగ్గర తినకూడదు, పొడి చీపురుతో ఊడవకూడదు, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

ఇండియా ప్రయాణం పెట్టుకున్నవారు బ్యాగుల విషయం మరవొద్దు. రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగునే సంక్రాంతికి ఊరికి తెచ్చుకుంటే, అడుగున జారిన ఒక్క తూటా స్కానర్‌లో పడుతుంది. మన ఆయుధాల చట్టం, 1959 తూటా విడిభాగాలను, వాటిని తయారుచేసే యంత్రాలను కూడా తూటాల కిందే లెక్కిస్తుంది. అక్కడ నోరెత్తని ప్రెస్సు ఇక్కడ కేసు అవుతుంది. తెలియకుండా బ్యాగులో ఉండిపోయిందని తేలిన కేసులను హైకోర్టులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి. ఆ తీర్పు వచ్చేసరికి తిరుగు టికెట్టు తేదీ దాటిపోవచ్చు, కొందరికి వీసా స్టాంపింగ్ తేదీ కూడా.