అమ్మకు చెప్పలేదు

రాయ్‌పూర్‌లో రైలు పట్టాల పక్క బస్తీలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. 1931లో విజయనగరం లైను పూర్తయిన దగ్గర్నుంచి రైల్వే పనికీ, ఆ తర్వాత వ్యాగన్ రిపేరు షాపు పనికీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు మా చుట్టూ చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బజార్లో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ. ఒంట్లో బాగాలేనప్పుడు మాత్రం సొంత భాషలో చెప్పుకోవచ్చని "డాక్టరు బాబూ" అంటూ నా దగ్గరికి వస్తారు. ఆ నమ్మకానికి నేనూ, నాలాంటి బస్తీ డాక్టర్లమూ ఏం బదులిచ్చామో రాయాలని కూర్చున్నాను. ఇది నా ఒక్కడి తప్పు కాదు. అలాగని నా తప్పు కాకుండా పోదు.

2014లో మా వీధిలో ఒక ఇంట్లో పెద్దమ్మాయికి సమర్త చేశారు. వీధికి అడ్డంగా షామియానా వేశారు. బాజా పెట్టారు, చుట్టాలకి చీరలు పెట్టారు. బొబ్బిలి నుంచి మేనమామ పట్టుచీర తెచ్చాడు. పన్నెండేళ్ల పిల్ల పీట మీద చిమ్మిలి ముద్ద చేత్తో పట్టుకుని తల వంచుకుని కూర్చుంది. నేను అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, బంతిలో కూర్చుని భోంచేశాను. పిల్ల తల్లి వద్దన్నా వినకుండా ఇంకో బూరె వేసింది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాకి సరైన వయసు తొమ్మిది నుంచి పద్నాలుగు. అంటే సరిగ్గా ఆ పీట మీది వయసు. టీకా అప్పటికే ఆరేళ్లుగా మన దేశంలో దొరుకుతోంది. ఖరీదైనదే, కాని ఆ ఇంట్లో ఆ రోజు షామియానాకీ బాజాకీ అయిన డబ్బుతో వేయించగలిగేవాళ్లే. వాళ్లు భరించలేరని వాళ్ల తరఫున నేనే నిర్ణయించేశాను. ఒక్కసారి కూడా అడగలేదు.

రెండేళ్ల కిందట ఆ తల్లి రక్తస్రావంతో వచ్చింది. అంతకు ముందు నాలుగైదుసార్లు తెల్లబట్ట అవుతోందని చెప్పింది. ప్రతిసారీ మందుల కిట్ రాసిచ్చి పంపాను. పరీక్ష చేయించమని రాయలేదు, ఆడ డాక్టరు దగ్గరికి పంపలేదు. ముప్పై దాటిన ప్రతి స్త్రీకీ గర్భాశయ ముఖద్వారాన్ని వెనిగర్ పూసి చూసే చిన్న పరీక్ష ఉంది. ఐదు నిమిషాల పని. దేశంలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతమేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ అంకె చదివి ప్రభుత్వాన్ని తిట్టుకున్నాను. అందులో నా చీటీలు కూడా ఉన్నాయన్న సంగతి తోచలేదు.

ఆమెకి ఈ క్యాన్సరే, మూడో దశ అన్నారు. మా మెడికల్ కాలేజీ ఆసుపత్రి మెకాహారాలోనే ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఉంది, అక్కడే కరెంటు పెట్టించుకుంది. ఒకరోజు చూడ్డానికి వెళ్లాను. మంచం పట్టీ పట్టుకుని లేచి కూర్చుంది.

"మా పిల్లలకి ఇలాటిది రాకుండా ఏటైనా ఉందా బాబూ?"

"ఉంది. టీకా ఉంది."

"ఎప్పట్నుంచి?"

"2008 నుంచి."

కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది. "అయితే పెద్దదాని సమర్తప్పుడు ఉందన్నమాట" అంది. అవునన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. కోపం కూడా చూపించలేదు. ఎనిమిది నెలలకి పోయింది.

టీకా ఆమెని కాపాడేది కాదు, అది నాకు తెలుసు. అంటిన వైరస్‌ని అది తీసెయ్యలేదు, అంటకముందే వెయ్యాలి. పరీక్ష ఆమెని కాపాడేది. టీకా ఆమె కూతుళ్లని కాపాడుతుంది. రెండింట్లో ఏ మాటా నా నోట రాలేదు.

ఈ మౌనానికి మేం చెప్పుకున్న కారణాల్లో ఖమ్మం ఒకటి. మా తరం డాక్టర్లకి ఆ కథ తెలుసు. 2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. అమెరికాకి చెందిన పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పథకం. వేయించుకున్నవాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు, గొడవ అయింది, 2010 ఏప్రిల్లో కేంద్రం ఆపించింది. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. కాని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉన్నది చదివితే తల దించుకోవాలి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. ఎక్కడో గూడెంలో ఉన్న తల్లికి తన బిడ్డ జబ్బకి ఏ సూది వేస్తున్నారో, ఎందుకో చెప్పినవాళ్లు లేరు.

ఆ వార్త చూసి మేమేం చేశాం? "చూశారా, గొడవలున్న టీకా, మనకెందుకు" అనుకున్నాం. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు ఆ మాట చెప్పుకుంటూ గడిపాం. ఖమ్మంలో తల్లికి చెప్పకుండా సూది వేశారు. ఇక్కడ మేం తల్లికి చెప్పకుండా సూది మానేశాం. ఆమె ముందు కూర్చుని, విషయం విప్పి చెప్పి, ఆమె మాట వినే పని అక్కడా జరగలేదు, ఇక్కడా జరగలేదు. ఖమ్మం నుంచి మేం నేర్చుకోవాల్సింది అదొక్కటే, అదే నేర్చుకోలేదు.

ఇంకో సంగతి ఉంది, అది మరీ బాధపెడుతుంది. 2010లో వచ్చిన ఆ నిలుపుదల వల్ల హైదరాబాద్‌తో సహా తొమ్మిది కేంద్రాల్లో నడుస్తున్న వేరే పరిశోధన కూడా మధ్యలో ఆగింది. రెండు, మూడు డోసులు వెయ్యాల్సిన పిల్లల్లో దాదాపు ఐదువేల మందికి ఒక్కటే పడింది. పరిశోధకులు ఆ పిల్లల్ని వదిలెయ్యకుండా పదేళ్లు వెంట ఉండి చూశారు. ప్రమాదకరమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు కూడా 95 శాతం ఆపుతోందని 2021లో ప్రకటించారు. ఒక్క డోసు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారమైన పరిశోధనల్లో అదీ ఒకటి. మన పిల్లల జబ్బల మీద ఆగిపోయిన లెక్క లోకానికి పనికొచ్చింది. మా బస్తీలో ఒక్క తల్లికి ఆ మాట చేరలేదు.

భయాలున్నాయి, వాటిని కొట్టిపారెయ్యను. ఈ సూది వేస్తే పిల్లలు పుట్టరట అని అడిగిన తల్లులున్నారు. 2014 నవంబరులో బిలాస్‌పూర్ జిల్లా కుటుంబ నియంత్రణ శిబిరాల్లో ఆపరేషన్ చేయించుకున్న పదమూడు మంది స్త్రీలు చనిపోయిన రాష్ట్రం ఇది. ఇక్కడి ఆడవాళ్లు సర్కారు సూదిని అనుమానంగా చూస్తే అది అజ్ఞానం అనే హక్కు మాకు లేదు. ఆ భయం తీర్చడానికి ఎన్నో ఏళ్లుగా ఆ ఇంటి మంచీ చెడూ తెలిసిన డాక్టరు కావాలి. అంటే మేమే. మేం మాత్రం ఇది పిల్లల డాక్టరు పని అనుకున్నాం. పిల్లల డాక్టరు దగ్గరికి ఐదేళ్లు దాటాక పెద్దగా ఎవరూ వెళ్లరు. ఆడ డాక్టరు దగ్గరికి పెళ్లయ్యాక, కడుపొచ్చాక వెళ్తారు. నడుమ ఆ పదేళ్ల పిల్ల జ్వరానికీ, కామెర్లకీ, ముట్టు నొప్పికీ వచ్చేది మా గుమ్మంలోకే. పదేళ్లకి ధనుర్వాతం రాకుండా టీడీ సూది వెయ్యాలని జాతీయ పట్టికలో ఉంది. మేకు గుచ్చుకుందని వచ్చిన పిల్లకి ఆ సూది వేసి, ఆ నోటితోనే ఇంకో వాక్యం చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?

సిగ్గు అడ్డొచ్చింది. తండ్రి పక్కన నిలబడి ఉంటే ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదు. ఇది ఎలా అంటుతుందని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. క్యాన్సర్ రాకుండా వేసే టీకా అంటే చాలు, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? అమెరికాలోని ఉత్తర కరోలినాలో ముప్పై క్లినిక్కుల డాక్టర్లతో ఒక ప్రయత్నం చేశారు. కొందరికి సుదీర్ఘంగా చర్చించడం నేర్పారు. కొందరికి "పిల్లకి పదకొండేళ్లు వచ్చాయి, ఈరోజు ఈ టీకాలు వేద్దాం" అని మామూలుగా చెప్పేసి, సందేహాలుంటే తీర్చడం నేర్పారు. రెండో పద్ధతిలోనే ఎక్కువమంది పిల్లలకి టీకా పడింది. 2017లో వచ్చిన ఆ వ్యాసం నేను చదివాను కూడా. హోటల్ హాల్లో డాక్టర్ల సమావేశానికి వెళ్లి ఇదే టీకా మీద స్లైడ్లు చూశాను, సర్టిఫికెట్ తెచ్చుకుని గోడకి తగిలించాను.

ఫ్రిజ్‌లో పెట్టడం కష్టం, కరెంటు పోతుంది అన్నాను. అదే ఫ్రిజ్‌లో రేబిస్ టీకా, ఇన్సులిన్ ఏళ్ల తరబడి ఉంచాను. మా తెలుగు సంఘాలు ఉగాదికీ సంక్రాంతికీ ఆరోగ్య శిబిరాలు పెడతాయి. బీపీ, షుగరు చూస్తాం, ఫొటోలు దిగుతాం. ఆడపిల్లల టీకా గురించి ఏ ఏడూ ఒక్క బల్ల వెయ్యలేదు. ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలైన మితానిన్‌లు 2002 నుంచి ఈ రాష్ట్రంలో ఉన్నారు. మా వీధి మితానిన్‌ని కూర్చోబెట్టి ఈ విషయం చెప్పిన డాక్టరు మాలో ఒక్కడూ లేడు.

2022లో దేశంలో దాదాపు 1,27,000 మందికి ఈ క్యాన్సర్ వచ్చిందని, 80,000 మంది దాకా చనిపోయారని అంచనా. సిక్కిం 2018లోనే బడుల ద్వారా ఆ వయసు ఆడపిల్లల్లో దాదాపు అందరికీ టీకా వేసి చూపించింది. 2023లో మన దేశంలో తయారైన సర్వావ్యాక్ వచ్చాక ధర డోసుకి రెండువేల దాకా దిగింది. సర్కారు ఏ ఏడు ఏం చేసినా, పిల్ల చెయ్యి పట్టుకుని నా ఎదుట కూర్చున్న తల్లి నా మొహమే చూస్తుంది.

ఆ ఇంటి పెద్దమ్మాయికి ఇప్పుడు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. టీకా పెట్టె మీది సూచన ప్రకారం, పదిహేను దాటింది కాబట్టి మూడు డోసులు. రెండు అయ్యాయి. చెల్లెలికి పదమూడేళ్లు, రెండు డోసులు చాలు. మొదటిది వేసిన రోజు తండ్రితో ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. చివర ఆయన అడిగింది ఒక్కటే: "దీని కబురు వాళ్లమ్మకి ఎందుకు చెప్పలేదు బాబూ?" నా దగ్గర జవాబు లేదు.

తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఇంట్లో ఉన్న తల్లులారా, మీ డాక్టరు ఈ మాట ఎత్తకపోతే మీరే అడగండి. మేం ఎత్తుతామని ఎదురుచూడకండి.