పేరును కీగా పెట్టి మనోళ్లను మనమే చెరిపేస్తున్నం

 

హాస్టల్ సీట్ల కోసం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి మనం పేర్లు పోగు చేసినం. వాట్సాప్‌ల వచ్చినవన్నీ మనోళ్లే పైథాన్ డిక్షనరీలో ఎక్కించిన్రు. పేరు కీ, మిగతా వివరాలు వాల్యూ. చివరికి చూస్తే పంపినోళ్ల కంటే లిస్టుల ఉన్నోళ్లు తక్కువ. "కంప్యూటర్ మిస్టేక్" అన్నరు. మేం ఒప్పుకోం. కంప్యూటర్ మనం చెప్పిందే చేసింది.

డిక్షనరీలో ఒక కీకి ఒకటే వాల్యూ. అదే కీ మళ్లీ వస్తే పాతదాని మీద కొత్తది కూర్చుంటది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. తాండాలల్ల బానోత్, భూక్య, గుగులోత్, ధరావత్. కోయ గూడేలల్ల ఈసం, పూనెం. ఉన్న ఇంటిపేర్లే కొన్ని! రెండో బానోత్ రమేశ్ ఎక్కంగనే మొదటి రమేశ్ పోయిండు. ఆ సంగతి ఆయనకు తెల్వదు, మనకూ తెల్వదు. సీటు రాకపోతే మార్కులు తక్కువనుకొని పత్తి ఏరనీకి పోతడు.

అదే పిలగాడు ఒక కాగితంల బానోత్, ఇంకోదాంట్ల బానోతు. మనకు ఒక్కడే, పైథాన్‌కు ఇద్దరు.

"పేరుకు జిల్లా కలిపి టపుల్ చేస్తే సరి" అంటున్నరు కొందరు అన్నలు. 2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడు జిల్లాల్లో ఎక్కువ భాగం వరంగల్ జిల్లానే. 2019ల భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. ఊరు కదల్లే, జిల్లా మారింది. పాత సర్టిఫికెట్ల ఒకటి, కొత్తదాంట్ల ఇంకోటి. అట్లాంటిది కీ ఎట్లైతది? పైగా ఒకే తాండాల ఇద్దరు రమేశ్‌లుంటే అదీ పనికిరాదు.

ఫోన్ నంబర్ పెడ్దామా? నాయిన ఫోన్ ఒక్కటే, దాని మీద చదువుకునే పిల్లలు ముగ్గురు. ఆధార్ అంటరా, మన పిల్లల ఆధార్ నంబర్లు గ్రూపులల్ల తిరగాల్నా?

పేరు వచ్చిన వరుసల మనమే ఒక నంబర్ ఇద్దాం. ఆ నంబరే కీ. పేరు, ఊరు, ఫోన్ అన్నీ వాల్యూ లోపలికి. ఎక్కించే ముందు ఆ కీ ఇప్పటికే ఉందా అని 'ఇన్'తో అడగండి. ఒకే పేరోళ్లను ఒక్కదగ్గర చూడాలంటే వేరే డిక్షనరీలో పేరు కింద నంబర్ల లిస్టు పెట్టుకోండి, 'సెట్‌డీఫాల్ట్' ఆ పనికే ఉంది. చివర్ల 'లెన్' కొట్టి వచ్చిన పేర్ల లెక్కతోని పోల్చండి. రెండు లైన్ల పని. దానికి బద్ధకమైతే లిస్టు చేసుడు ఇంకొకరికి ఇయ్యండి.

పాత లిస్టు ఎవ్వరికీ పంపొద్దు. మొదటి మెసేజ్ నుంచి మళ్లీ ఎక్కిద్దాం. మీ తాండాల, మీ గూడెంల ఒకే పేరున్నోళ్లు ఎవరెవరో కింద కామెంట్ల రాయండి, వాళ్లతోనే మొదలుపెడ్తం.