పాటకు పాస్‌పోర్టా?

నాకు బరోక్ సంగీతం వాయించరాదు గానీ దాని లెక్క తెలుసు. 1600 నుంచి 1750 దాకా యూరప్‌ల నడిచిన సంగీతమది. జర్మనీల పుట్టిన హాండెల్ ఇటలీల పని నేర్చి లండన్‌ల స్థిరపడ్డడు. ఇప్పుడు బ్రిటన్ ఆయన్ను మావోడే అంటది!

గట్ల తిరిగి నేర్చుకోవాల్నని 1985ల యూరోపియన్ యూనియన్ బరోక్ ఆర్కెస్ట్రా పెట్టిన్రు. ఏటా దేశదేశాల పడుసోళ్లను ఏరి, కలిపి వాయింపిచ్చుడు. ఇంగ్లండ్‌ల ఉండె. బ్రెగ్జిట్ దెబ్బకు 2018ల బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కు మూటాముల్లె సర్దింది.

ఇయ్యాల బ్రిటన్ కళాకారునికి యూరప్‌ల 180 రోజుల్ల 90 రోజులే. కొన్ని దేశాలల్ల పని పర్మిట్ వేరే. పాత ఫిడేలు కమానుకు ఏనుగుదంతం ముక్కుంటే దానికీ కాగితం కావాలె. పేరున్నోళ్లకు మేనేజర్లు చూసుకుంటరు. మొదటి కచేరీ దొరికిన పోరగాడు గీ ఖర్చులు ఏడికెళ్లి తెస్తడు?